నందికొండ కూడా ప్రయాణంలోనే ఉంది: అపోహలు – వాస్తవాలు

నందికొండ, స్కందగిరి, గుడిబండ, కైవారం, అంబాజీదుర్గం. ఈ కొండల నీడన పెరిగినవారికి నేల కదులుతుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఖండాల కథకు చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి సీమ రాళ్ళే గట్టి సాక్షులు.

అపోహ: నందికొండ చల్లారిన అగ్నిపర్వతం.

వాస్తవం: కాదు. సుమారు 250 కోట్ల ఏళ్ళ కిందట, భూమి లోపల కిలోమీటర్ల లోతున, కరిగిన శిల పైకి రాకుండానే గడ్డకట్టి గ్రానైటు అయింది. మెల్లగా చల్లారింది కాబట్టే పగలగొట్టిన రాయిలో పలుకులు కంటికి కనిపిస్తాయి. పైనున్న పొరలన్నీ అరిగిపోయాక అది బయటపడింది. దీని వయసుతో పోలిస్తే, మన భూభాగం ఆసియాను ఢీకొని హిమాలయాలను లేపడం మొదలై 5 కోట్ల ఏళ్ళే.

అపోహ: గుండు మీద గుండును ఏ ప్రళయమో తెచ్చి పేర్చింది.

వాస్తవం: అవి ఉన్నచోటే గుండ్లయ్యాయి. బండ పగుళ్ళలోకి నీరు దిగి అంచులను తినేసింది. మెత్తబడిన మన్ను వానలకు కొట్టుకుపోయి, గట్టి గుండ్లు మిగిలాయి.

అపోహ: ఖండాలు నీళ్ళమీదో, కరిగిన రాతిమీదో తేలుతున్నాయి.

వాస్తవం: ఖండాలను మోసే రాతి ఫలకాలే సముద్రం అడుగునా ఉన్నాయి. ఫలకాల కింది పొర కూడా చాలావరకు ఘనమే. కొలిమిలో ఎర్రబడిన కర్రు కరగకుండానే వంగినట్టు, వేడికీ ఒత్తిడికీ అది మెల్లగా సాగుతుంది.

అపోహ: ఖండాలన్నీ మొదట ఒకటే, ఒక్కసారే విడిపోయాయి.

వాస్తవం: ఖండాలు ఎన్నోసార్లు కలిశాయి, విడిపోయాయి. 33 కోట్ల ఏళ్ళ నాటి పాంజియా అనే మహాఖండానికి ముందు, 100 కోట్ల ఏళ్ళ కిందట రొడీనియా అనే మరో మహాఖండం ఉండేది. బాగేపల్లి బండలు రెండింటికన్నా పాతవి. ఖండాలు ఒకప్పుడు కలిసి ఉన్నాయనడానికి ఆనవాళ్ళూ ఉన్నాయి: సింగరేణి బొగ్గు పొరల్లో దొరికే గ్లోసోప్టెరిస్ అనే పురాతన మొక్క ఆకుల శిలాజాలు ఆఫ్రికాలో, అంటార్కిటికాలో కూడా దొరుకుతాయి. ఉడుపి దగ్గరి సెయింట్ మేరీస్ దీవుల రాతిస్తంభాలు, దాదాపు 9 కోట్ల ఏళ్ళ కిందట మడగాస్కర్ మన నుంచి విడిపోయిన కాలపు లావా.

అపోహ: మన ప్రయాణం హిమాలయాలతో ముగిసింది.

వాస్తవం: భారత ఫలకం ఇప్పటికీ ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతోంది. ఉపగ్రహాల సాయంతో దీన్ని కొలుస్తున్నారు. నందికొండ, దాన్ని ఎక్కేవాళ్ళు, కింది ద్రాక్షతోటలు అన్నీ కలిసే కదులుతాయి కాబట్టి మనకు తెలియదు.

అపోహ: గట్టి బండ నేలలో భూకంపం రాదు.

వాస్తవం: అరుదే కానీ వస్తుంది. 2021 డిసెంబరు 22న చిక్కబళ్ళాపురం పరిసరాల్లో సుమారు 3 తీవ్రతతో నేల కంపించింది. 1993లో లాతూరు భూకంప విషాదం కూడా దక్కన్ పీఠభూమిలోనే జరిగింది. పుకార్లకు బెదరక్కర్లేదు, ఇళ్ళు మాత్రం పటిష్ఠంగా కట్టుకోవాలి.

ఉపాధ్యాయులారా, ఖండాల పాఠాన్ని ఒక్కసారి కొండ దగ్గరే చెప్పండి. కానీ అందుకు కొండ మిగలాలి: క్రషర్‌లో జెల్లి అయిన కొండ తిరిగి రాదు. ప్రతి తాలూకాలో ఒక్క కొండనైనా క్వారీకి ఇవ్వకుండా పిల్లల చదువుకోసం కాపాడుకుందాం.