పోర్టల్ మారినా లెక్క మారరాదు

సంఘ కార్యదర్శి మారినప్పుడు చార్జి అప్పగింత ఎట్లా జరుగుతుందో మన సభ్యులకు తెలియనిది కాదు. చిట్టా, ఆవర్జా, రశీదు పుస్తకాలు, చేతిలోని నగదు, దాణా నిల్వ అన్నీ జాబితా వ్రాసి, సరిచూచి, ఇద్దరూ సంతకాలు చేసిన పిమ్మటనే పాతవారికి విడుదల. కంప్యూటరులో పాత పోర్టల్ నుండి కొత్త పోర్టల్‌కు మారడం కూడా ఇటువంటి చార్జి అప్పగింతయే. అది కంప్యూటరు వారి పని గదా అని ఊరుకుంటే నష్టపోయేది పాలు పోసే సభ్యుడే. కావున ఆ పని ఎట్లా జరుగుతుందో పాలకవర్గాలకు తెలిసి ఉండడం మంచిది.

పోర్టల్ అంటే ఏమిటి?

సభ్యుడు సంఘానికి వస్తే ఒకే కప్పు క్రింద పాలు పోస్తాడు, బిల్లు చూచుకుంటాడు, దాణా తీసుకుంటాడు, గోడ మీది నోటీసు చదువుతాడు. పోర్టల్ అటువంటి కప్పు. ఒకసారి పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళితే ఒక గడిలో బిల్లు, ఒక గడిలో వాటా ధనం, ఇంకొక గడిలో నోటీసులు కనిపిస్తాయి. జావా భాషలో నిర్మించిన పోర్టళ్లలో ఈ గడిని పోర్ట్‌లెట్ అంటారు. దీనికి మొదటి నియమావళి 2003లో, రెండవది 2008లో, మూడవది 2017లో వచ్చాయి. ఒక పోర్టల్ కొరకు వ్రాసిన పోర్ట్‌లెట్ మరొక పోర్టల్‌లో కూడా పనిచేయాలన్నదే వీటి ఉద్దేశం. నియమావళిని దాటి, పాత పోర్టల్ సొంత సదుపాయాల మీద ఆధారపడి వ్రాసిన భాగాలే మార్పు సమయంలో ఇబ్బంది పెడతాయి.

ఇంటిపేరు మార్పు

సంస్థల అవసరాలకు ఉద్దేశించిన జావా విభాగాన్ని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించనున్నట్లు ఒరాకిల్ కంపెనీ 2017లో ప్రకటించింది. పాత పేరు వాడుకొనే హక్కు మాత్రం దానితో రాలేదు. అందువల్ల 2020లో ఆ విభాగంలోని ఉపకరణాల ఇంటిపేరు ‘జావాక్స్’ నుండి ‘జకార్తా’గా మారింది. టామ్‌క్యాట్ అనే సర్వర్‌లో 9వ రకానికి పాత పేరు, 10వ రకానికి కొత్త పేరు తెలుసు. పాత ప్రోగ్రామును యథాతథంగా కొత్త సర్వర్‌లో పెడితే నడవదు. అట్లాగని కనిపించిన ప్రతి జావాక్స్‌నూ మార్చరాదు. డేటాబేస్‌తో పనిచేసే జావాక్స్ ఎస్‌క్యూఎల్ వంటివి జావా మూల విభాగానికి చెందినవి గనుక వాటి పేరు మారలేదు. కోడలికి ఇంటిపేరు మారిందని ఊరందరికీ మార్చరాదు గదా!

ఆరంభం

2000లో మొదలైన లైఫ్‌రే పోర్టల్‌ను ఉదాహరణగా తీసుకొందాం. ఇది టామ్‌క్యాట్‌తో కలిపి ఒకే మూటగా లభిస్తుంది. మూట విప్పి నడిపిస్తే అదే కంప్యూటరులో తెరుచుకుంటుంది. దానితో వచ్చే హైపర్‌సానిక్ అనే చిన్న డేటాబేస్ నేర్చుకొనేందుకు మాత్రమే. అది చిత్తు పుస్తకం వంటిది. అసలు లెక్కలు మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ వంటి పెద్ద డేటాబేస్‌లోనే ఉంచాలి.

మార్పిడి క్రమం

1. ఉన్న పోర్ట్‌లెట్లన్నిటికీ జాబితా వ్రాయాలి. ఎవరూ వాడనివాటిని మోసుకుపోనవసరం లేదు.

2. డేటాబేస్‌కు, పత్రాల నిల్వకు ఒకే వేళ నకలు తీయాలి. ఒకటి ఉండి రెండవది లేకపోతే ఆవర్జా ఉండి వోచర్లు లేనట్లే. ఆ నకలును వేరొక యంత్రంలో తెరిచి చూస్తేగాని అది పనికివచ్చేదని నమ్మరాదు.

3. మొదట నకలు మీదనే మార్పిడి చేయాలి. డేటాబేస్ పట్టికల రూపం ఒకసారి మారితే పాత పోర్టల్ దానిని చదవలేదు. వెనుకకు రావాలంటే నకలు ఒక్కటే దారి.

4. మార్పిడి పిమ్మట వెతుకులాట సూచికను తిరిగి తయారు చేయించాలి. లేకపోతే పట్టికలో ఉన్న సభ్యుడు కూడా వెతికితే దొరకడు.

తెలుగు పేర్ల విషయం

దీనిని ప్రత్యేకంగా చెప్పడానికి కారణమున్నది. మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో లెక్కలు ఒక కంప్యూటరు నుండి మరొకదానికి మార్చారు. మొత్తాలు పైసాతో సహా సరిపోయాయి గనుక మేము సంతకం చేశాము. బోనస్ పంచే రోజున ఒక ముసలమ్మ పాసుపుస్తకం పట్టుకొని నిలబడింది. జాబితాలో ఆమె పేరు లేదు. చూడగా, కొన్ని పేర్లున్న చోట వరుసగా ప్రశ్నార్థకాలున్నవి. అట్లా మారిన అక్షరాలు తిరిగి రావు. అటక మీది పాత సభ్యత్వ పుస్తకం దించి, సంఖ్యలను బట్టి పేర్లన్నీ మళ్లీ వ్రాయించవలసి వచ్చింది. ఆమె సొమ్ము ఆమెకు అందింది గాని, సంతకం చేసిన మాకు ఆ రోజు తల ఎత్తుకోలేని పరిస్థితి.

కారణం ఇది. యూనికోడ్ పద్ధతిలో తెలుగు 1991 నుండి ఉన్నది. యూటీఎఫ్-8 అనే రూపంలో ప్రతి తెలుగు గుర్తుకు 3 బైట్ల చోటు కావాలి. ‘వెంకటలక్ష్మమ్మ’ అనే పేరులో గుణింతాలు, పొల్లులతో కలిపి 14 గుర్తులు, అనగా 42 బైట్లు. 30 బైట్ల గడిలో ఈ పేరు మధ్యలో తెగిపోతుంది. డేటాబేస్, దానికి పోర్టల్‌కు మధ్య లంకె, రెండూ యూటీఎఫ్-8లో లేకపోతే ప్రశ్నార్థకాలే మిగులుతాయి.

పాలకవర్గం చేయవలసినది

సభ్యుల సంఖ్య, ఒక్కొక్కరి పేరు, వాటా ధనం, బాకీ సరిచూడాలి. మొత్తం ఒక్కటే చూస్తే చాలదు. ఒక చెల్లింపు గడువుకు పాల బిల్లులను పాత, కొత్త పోర్టళ్లు రెండింటిలోనూ వేయించి, తేడా పైసా అయినా కారణం అడగాలి. సరిపోయిన పిమ్మట తీర్మానం వ్రాసి, పాతదానిని చదువుకొనేందుకు మాత్రం ఉండనివ్వాలి. సభ్యులు కూడా కొత్త బిల్లును పాసుపుస్తకంతో పోల్చుకొని, తేడా ఉంటే వెంటనే కార్యదర్శికి చెప్పాలి. సభ్యత్వ పుస్తకాన్ని మాత్రం ఏ పోర్టల్ వచ్చినా అటక మీదికి పంపవద్దని మా మనవి.