కంప్యూటరుకు ఒక దుబాసీ

పూర్వం కుంఫిణీ దొరల వెంట దుబాసీలు ఉండేవాళ్ళు. దొర ఇంగ్లీషులో అన్న మాటను దుబాసీ తెలుగులోకి మార్చి చెప్పేవాడు. దుబాసీ రాని రోజున దొరకూ, బజారులో వర్తకుడికీ నోళ్ళు ఉండీ లేనట్టే!

కంప్యూటరుతో మన వ్యవహారమూ ఇలాంటిదే. దాని లోపలి యంత్రానికి తెలిసినవి సున్నాలూ, ఒకట్లూ మాత్రమే. మనమేమో మనుషులు చదవగలిగే భాషలో ఆజ్ఞలు రాస్తాము. వాటిని వరసగా చదివి, యంత్రం చేత పని చేయించడానికి నడుమ ఒక దుబాసీ కావాలి. పైథాన్ అలాంటి దుబాసీ ఉన్న భాష. దీన్ని 1989 క్రిస్మస్ సెలవుల్లో గీడో వాన్ రోసమ్ అనే హాలెండు దేశస్థుడు మొదలుపెట్టి, 1991లో లోకానికి ఇచ్చాడు. పేరు చూసి కొండచిలువ అనుకునేరు! ఆయనకు ఇష్టమైన ఒక బ్రిటిష్ టెలివిజన్ హాస్య కార్యక్రమం పేరులో నుంచి ఆ మాట తీసుకున్నాడు.

తెర మీద మీ స్వంత కిటికీ ఒకటి తెరిచి, అందులో మీరు పెట్టిన బటన్ నొక్కాలని మీకు సరదాగా ఉంది గదా? ఈ పని మొదలుపెట్టి మానేసే పిల్లలు చాలామంది భాష కష్టమై మానరు. ఇంకా ఒక్క వాక్యమైనా రాయకముందే, సరంజామా అమర్చుకునేటప్పుడే, యంత్రం ఎర్రక్షరాలతో ఏదో అంటుంది. "ఇది నాకు రాదు" అని వీళ్ళు లేచిపోతారు. నిజానికి అక్కడ తెలివితక్కువతనం ఎవరిదీ కాదు. యంత్రం కాదన్న ప్రతిసారీ దానికొక కారణం ఉంటుంది.

పైథాన్‌కు డబ్బు చెల్లించనక్కరలేదు. పెద్దలు దగ్గరుండి, పైథాన్ డాట్ ఆర్గ్ అనే దాని స్వంత చిరునామా నుంచే దించిపెట్టండి. ఉచితమని కనబడిన ప్రతి చోటునుంచీ దించుకుంటే, బ్యాంకు లెక్కలు ఉన్న మీ కంప్యూటరులోకి ముక్కూ మొహమూ తెలియనివాణ్ణి పిలిచినట్టే.

విండోస్ యంత్రంలో మామూలు ఇన్‌స్టాలర్ తెరవగానే, అడుగున "పాత్‌కు చేర్చు" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం పక్కన చిన్న గడి ఉంటుంది. చాలామంది దాన్ని చూడరు. అక్కడ టిక్కు పెట్టాలి. ఎందుకంటారా? ఆజ్ఞల కిటికీలో మీరు పైథాన్ అని టైపు చేస్తే, కంప్యూటరు డిస్కు అంతా గాలించదు. దాని దగ్గర కొన్ని ఫోల్డర్ల జాబితా ఉంటుంది. దానికే పాత్ అని పేరు. ఆ ఫోల్డర్లలో వరసగా చూస్తుంది. మన దుబాసీ ఉన్న ఫోల్డర్ జాబితాలో లేకపోతే, ఆయన ఇంట్లోనే ఉన్నా, "అలాంటివాడు ఇక్కడ లేడు" అంటుంది. విండోస్ 10, 11లలో ఒక్కోసారి బదులుగా మైక్రోసాఫ్ట్ వారి దుకాణం తెరుచుకుంటుంది. కంగారు పడకండి. ఇన్‌స్టాలర్‌ను మళ్ళీ నడిపి పైథాన్‌ను పాత్‌కు చేర్చుకోవచ్చు. ఆ తరువాత పాత ఆజ్ఞల కిటికీని మూసి కొత్తది తెరవాలి. పాతదానికి పాత జాబితాయే గుర్తుంటుంది మరి!

ఇప్పుడు పరీక్ష. పైథాన్ అని టైపు చేసి, ఖాళీ వదిలి, అడ్డుగీతా ఎమ్ అక్షరమూ కలిపి, మళ్ళీ ఖాళీ వదిలి, టికింటర్ అని టైపు చేయండి. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. రెండు బటన్లున్న చిన్న కిటికీ తెరుచుకుంటే మీ సరంజామా సిద్ధమైనట్టే. అందులో "నన్ను నొక్కు" అనే అర్థం వచ్చే బటన్‌ను నొక్కి చూడండి. నొక్కినప్పుడల్లా ఆ మాట చుట్టూ ఒక జత బ్రాకెట్లు చేరతాయి.

ఉబుంటు వాడేవారికి ఈ కిటికీ రాకపోవచ్చు. అక్కడ దుబాసీ పేరు పైథాన్3. టికింటర్‌ను మాత్రం పైథాన్3-టికె అనే విడి ప్యాకేజీగా తెచ్చుకోవాలి.

ఈ టికింటర్ వెనక ఒక తమాషా ఉంది. కిటికీలు గీసే విద్య పైథాన్‌కు సొంతం కాదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జాన్ ఔస్టర్‌హౌట్ అనే ఆచార్యుడు టిసిఎల్ అనే మరో భాషనూ, దానితో కిటికీలు గీయడానికి టికె అనే పనిముట్లనూ తయారుచేశాడు. మీరు పైథాన్‌లో బటన్ కావాలంటే, మన దుబాసీ ఆ మాటను టిసిఎల్ దుబాసీకి చెబుతాడు. ఆయన బటన్ గీయిస్తాడు. ఒక్క బటన్‌కు ఇద్దరు దుబాసీలన్నమాట!

ఇక మీ వంతు. విండోస్‌లో పైథాన్‌తోపాటే ఐడిల్ అనే రాతబల్ల వస్తుంది. అందులో కొత్త ఫైలు తెరిచి, టికింటర్‌ను రప్పించే వాక్యం ఒకటి, కిటికీ చేసేది ఒకటి, బటన్ పెట్టేది ఒకటి రాయండి. బటన్ మీద "నమస్కారం" అని తెలుగులోనే రాయవచ్చు. చివర మెయిన్‌లూప్ అనే ఆజ్ఞ మరవకండి. అంగడి తలుపులు తీసి, యజమాని గల్లాపెట్టె దగ్గర కూర్చోకుండా వెళ్ళిపోతే బేరం ఎలా సాగుతుంది? ఎవరు ఎప్పుడు బటన్ నొక్కుతారా అని కాచుకు కూర్చోవడమే మెయిన్‌లూప్ పని. అది లేని ఫైలును ఆజ్ఞల కిటికీనుంచి నడిపితే, మీ కిటికీ కంటికి ఆనకముందే మాయమవుతుంది.

ఫైలుకు మాత్రం టికింటర్ అని పేరు పెట్టవద్దు. దుబాసీ ముందుగా మీ ఫైలు ఉన్న ఫోల్డర్‌లోనే వెతుకుతాడు. అసలు టికింటర్‌ను వదిలి మీ ఫైలునే పట్టుకుంటాడు. తరగతిలో ఇద్దరు రామారావులుంటే ముందు బెంచీవాడు లేచి నిలబడినట్టు! ఎక్కాల కిటికీ అయితే ఎక్కాలు అనో, గడియారమైతే గడియారం అనో ఇంగ్లీషు అక్షరాలతో పెట్టుకోండి.

కొందరు మొదటి రోజునే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ కట్టుకోమంటారు. ఒక్కో పనికి కావలసిన బయటి సరుకును ఒక్కో డబ్బాలో విడిగా పెట్టుకునే పద్ధతి అది. మంచిదే. కాని టికింటర్ బయటి సరుకు కాదు గనుక ఇప్పుడే దాని జోలికి వెళ్ళనక్కరలేదని నా అభిప్రాయం.

మీ కిటికీని మేనత్త కొడుక్కు పంపితే, వాడి కంప్యూటరులో పైథాన్ లేకపోతే అది తెరుచుకోదు. అప్పుడు దుబాసీని కూడా మూటలో కట్టి పంపాలి. అలా మూట కట్టే పరికరాల్లో ఒకదాని పేరు పైఇన్‌స్టాలర్. విండోస్‌లో కట్టిన మూట విండోస్‌లోనే విప్పుకుంటుంది. ఉబుంటు వాడే బావకు ఉబుంటులోనే వేరే మూట కట్టాలి.