రచయిత మనసులో ఏముంది?

పేరాలో ఏముందో చెప్పడం తేలిక. రాసిన మనిషి మనసులో ఏముందో చెప్పడమే కష్టం. ఢిల్లీలోని ముఖర్జీ నగర్, ఓల్డ్ రాజిందర్ నగర్‌లలో గదులు అద్దెకు తీసుకుని సివిల్స్‌కు చదివే తెలుగు యువతను తికమకపెట్టేది ఈ రెండోదే. 'రచయిత వైఖరి ఏమిటి?' అని క్యాట్ వంటి పరీక్షలు సూటిగా అడిగితే, రచయిత ఏం సూచిస్తున్నారు, దేన్ని నమ్మి ఈ మాటలన్నారు అంటూ యూపీఎస్‌సీ చుట్టుతిప్పి అడుగుతుంది.

ఈ పేరాల మీద ఓ ఉద్యమమే నడిచింది. 2011లో ప్రిలిమ్స్‌లో ప్రవేశపెట్టిన సీశాట్ ఇంగ్లిష్ మీడియం వారికే అనుకూలమంటూ 2014 జూలైలో ముఖర్జీ నగర్ అభ్యర్థులు వీధికెక్కారు. ఇంగ్లిష్ కాంప్రహెన్షన్ మార్కులను మెరిట్‌కు లెక్కించబోమని కేంద్ర మంత్రి జితేంద్ర సింగ్ ఆగస్టు 4న పార్లమెంటులో ప్రకటించారు. 2015 నుంచి ఆ పేపర్‌లో 33 శాతం మార్కులు వస్తే చాలన్నారు.

అయినా పేరాల బెడద పోలేదు. 80 ప్రశ్నలకు 200 మార్కులు. గట్టెక్కడానికి కావలసిన 66 రావాలంటే కనీసం 27 సమాధానాలు సరిగ్గా ఉండాలి. తప్పు రాస్తే ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. ఇక్కడ తప్పితే మొదటి పేపర్‌లో ఎన్ని మార్కులొచ్చినా వృథాయే. 2016 సివిల్స్‌లో మూడో ర్యాంకు సాధించిన శ్రీకాకుళం జిల్లా టీచర్ రోణంకి గోపాలకృష్ణలా మెయిన్స్ తెలుగులో రాయవచ్చు. ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది.

నిజానికి వైఖరి పసిగట్టడం తెలుగువారికి కొత్త కాదు. 'ఆయన చాలా నిజాయితీపరుడట' అనగానే ఆ 'అట'లోని సందేహం మనకు వినబడుతుంది. పొగుడుతున్నట్లే తెగడడాన్ని వ్యాజస్తుతి అని బడిలోనే చదువుకున్నాం. ఇంగ్లిష్‌లో ఆ 'అట' పనిని 'సో-కాల్డ్', 'సపోజెడ్‌లీ' వంటి మాటలు చేస్తాయి. వాటిని గుర్తుపట్టడమే కావలసింది.

ఉదాహరణకు ఈ మూడు వాక్యాలు చూడండి: 'మంచినీటి పథకం ఉద్దేశం మంచిదే. అధికారులు చెబుతున్న లెక్కలూ ఘనంగానే ఉన్నాయి. అయితే కుళాయిలో నీళ్లొస్తున్నాయా అని చూసినవారే లేరు.' మొదటి వాక్యంతో ఆగితే ఇది ప్రశంస. కానీ రచయిత బరువంతా 'అయితే' తర్వాతే ఉంది. 'చెబుతున్న' అనడంతో లెక్కల బాధ్యత అధికారుల మీదికే పోయింది. పథకాన్ని ఆయన వద్దనడం లేదు, అమలును శంకిస్తున్నారు. కాబట్టి 'వ్యతిరేకత' అన్న ఆప్షన్ తప్పు, 'సందేహం' సరైనది.

ఇంతవరకూ వచ్చాక కూడా ఆప్షన్లలో కాలు జారవచ్చు. 'స్కెప్టికల్', 'సినికల్' ఒకేలా కనిపిస్తాయి. మొదటివాడు ఆధారం అడుగుతాడు. రెండోవాడు ఎదుటివారి ఉద్దేశాన్నే నమ్మడు. 'ఆబ్జెక్టివ్' అంటే పక్షపాతం లేనివాడు, 'ఇన్‌డిఫరెంట్' అంటే ఆ విషయమే పట్టనివాడు. పేరా అర్థమైనా ఈ తేడా తెలియకపోతే మార్కులు పోతాయి.

అన్నిటికన్నా పెద్ద ఉచ్చు సొంత అభిప్రాయం. సబ్సిడీలు, రిజర్వేషన్లు, పర్యావరణంపై నెలల తరబడి నోట్సు రాసుకున్న అభ్యర్థి, పేరాలో లేని వాదాన్ని రచయిత నోట పెడతాడు. 'ఈ మాట ఏ వాక్యంలో ఉంది?' అని తనను తాను ప్రశ్నించుకుని, వేలు పెట్టి చూపలేని సమాధానాన్ని వదిలేయడమే దీనికి విరుగుడు.

ఈ విద్య పరీక్ష హాలుతో తీరిపోయేదీ కాదు. రేపు కలెక్టరై కుర్చీలో కూర్చున్నాక, ముందుకొచ్చే ప్రతి నివేదికలోనూ అంకెలుంటాయి, పొగడ్తలుంటాయి, ఎక్కడో మూలన ఓ 'అయితే' కూడా ఉంటుంది. దాన్ని చూడకుండా సంతకం పెడితే అక్కడ కోత పడేది మార్కులకు కాదు, కుళాయి కోసం ఎదురుచూసే ఊరికి.