డుమువులు క్రొయేషియా వెళితే

హైదరాబాదుకు పడమట, మణికొండను ఆనుకొని, రంగారెడ్డి జిల్లాలో పుప్పాలగూడ అనే వూరు వుంది. ఒకప్పుడు రాతిగుట్టలూ పొలాలూ వుండిన ఈ పల్లెలో ఇప్పుడు తలెత్తి చూస్తే మెడ నొప్పెట్టేంత మేడలు. నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి కంప్యూటరు కంపెనీలలో పనిచేసేవారు చాలామంది ఇక్కడ కాపురముంటున్నారు. వారిలో రేపో మాపో విదేశానికి ప్రయాణం కట్టేవారూ లేకపోలేదు. అమెరికా మాట అటుంచండి. ఐరోపాలో ఏడ్రియాటిక్ సముద్రపు వొడ్డున క్రొయేషియా అనే చిన్న దేశానికి మనవాడొకడు వెళ్లాడనుకుందాం. ఏ వూరివాడవని అక్కడివాళ్లు అడుగుతారు. “పుప్పాలగూడ” అంటాడు మనవాడు. అంతే! క్రొయేషియన్ వ్యాకరణం ఆ పేరును పట్టుకొని వొక ఆట ఆడిస్తుంది.

“పుప్పాలగూడ నుంచి” అనవలసివస్తే ఆ పేరు “పుప్పాలగూడె” అవుతుంది. “పుప్పాలగూడలో” అంటే “పుప్పాలగూడి”. “పుప్పాలగూడకు పోతున్నాను” అంటే ఏకంగా “పుప్పాలగూడు”! ఇది ఎగతాళి కాదు సుమా. అకారంతో ముగిసే వూరి పేరు సామాన్యంగా ఆ భాషలో స్త్రీలింగం కిందికి వస్తుంది. విభక్తి మారినప్పుడల్లా దాని తోక మారుతుంది. ఏ మార్పూ లేకుండా, పెట్టిన పేరు పెట్టినట్టే నిలిచేది మొదటి రూపంలోనే. దేశపటం మీదా, స్టేషను బోర్డు మీదా, నిఘంటువులోనూ కనిపించేది అదే. దాన్ని వాళ్లు “నొమినాతివ్” అంటారు. మనం ప్రథమా విభక్తి అంటాం.

ఈ సంగతి మనకెందుకంటారా? క్రొయేషియా 2013లో ఐరోపా సమాఖ్యలో చేరింది. 2023 జనవరి 1 నుంచి యూరో నాణెం వాడుతున్నది. పనివారు చాలక ఇటీవలి సంవత్సరాల్లో నేపాలు, ఇండియా, ఫిలిప్పీన్సు దేశాల నుంచి మనుషుల్ని రప్పించుకుంటున్నది. అక్కడ దీర్ఘకాలం స్థిరపడే అనుమతి కోరేవారు సాధారణంగా ఆ దేశభాష వచ్చునని నిరూపించుకోవాలి. కనక ఇది కాలక్షేపం కోసం చేసే వ్యాకరణ చర్చ కాదు. కొందరికి కూటి విద్య.

డు, ము, వు, లు

మన పాఠశాలల్లో విభక్తులు వల్లించినవారికి “డు, ము, వు, లు” నిద్రలో లేపి అడిగినా వస్తుంది. రాముడు, వృక్షము, ధేనువు, చెట్లు. క్రొయేషియన్ పిల్లలూ ఇలాగే తమ ఏడు విభక్తులు నేర్చుకుంటారు. ప్రథమను గుర్తుపట్టడానికి “త్కో? ష్తో?” అని అడగమని వారికి బళ్లో చెబుతారు. అంటే “ఎవరు? ఏమిటి?” అని. “చెట్టు పడింది.” ఏమిటి పడింది? చెట్టు. అదే ప్రథమ. ఇంతవరకూ మనకు కొత్త లేదు.

కొత్తదనం లింగంలో వుంది. మనం ఏకవచనంలో మగవాడికీ తక్కినవాటికీ, బహువచనంలో మనిషికీ మనిషి కానిదానికీ తేడా చూసి వాక్యం ముగిస్తాం. బల్లకు మగతనం అంటగట్టం. క్రొయేషియన్లో బల్ల మగవాడు, పుస్తకం ఆడది, పల్లెటూరు నపుంసకం. అయితే భయపడనక్కరలేదు. ప్రథమా రూపం చివర చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. హల్లుతో ముగిస్తే పుంలింగం: “స్తోల్” అంటే బల్ల. అకారంతో ముగిస్తే స్త్రీలింగం: “క్న్యిగ” అంటే పుస్తకం. ఒకారంతో గాని ఎకారంతో గాని ముగిస్తే నపుంసకం: “సెలొ” అంటే పల్లె, “మొరె” అంటే సముద్రం. బహువచనంలో ఇవి వరసగా “స్తోలొవి”, “క్న్యిగె”, “సెల”, “మొర” అవుతాయి. దొంగమాటలు కొన్ని వుంటాయి. రాత్రికి “నోచ్” అని పేరు. హల్లుతో ముగిసినా అది స్త్రీలింగమే. అలాంటివాటిని వాడుకలోనే పట్టుకోవాలి.

ప్రాణమున్నదీ, లేనిదీ

ఇక మన తెలుగువాడు ముందంజ వేసే చోటు చూడండి. “పుస్తకం కొన్నాను” అంటాం. కొన్నది పుస్తకాన్నే అయినా, ద్వితీయా ప్రత్యయం లేకుండా ప్రథమలాగానే వదిలేస్తాం. “కుర్రవాడు చూశాను” అంటే మాత్రం ఎవరూ వొప్పుకోరు. “కుర్రవాణ్ణి చూశాను” అనవలసిందే. ప్రాణం లేనిదానికి ప్రత్యయం ఐచ్ఛికం, మనిషికి తప్పనిసరి.

క్రొయేషియన్ పుంలింగ పదాలలో సరిగ్గా ఇటువంటి విభజనే వుంది. “విదిమ్ స్తోల్” అంటే బల్ల చూస్తున్నాను. బల్లకు ప్రథమ రూపమే ద్వితీయ రూపం కూడా. కాని “బ్రత్” అంటే సోదరుడు. సోదరుణ్ణి చూస్తున్నాననడానికి “విదిమ్ బ్రత” అనాలి. ఇంగ్లీషు ద్వారా ఈ సూత్రం నేర్చుకునేవాడికి ఇది వింతగా తోస్తుంది. మనకు పుట్టినప్పటినుంచీ నోటిలో నానినదే. పైగా ఈ “బ్రత్” మన పండితులు చెప్పే సంస్కృత “భ్రాతృ” శబ్దానికి దూరపు చుట్టం. రెండుకు “ద్వ”, మూడుకు “త్రి” అంటారంటే, ఆ చుట్టరికం ఎంత పాతదో వేరే చెప్పనక్కరలేదు.

“నేను” కాదు, “నాకు”

ప్రథమను నేర్చుకోవడంలో అసలు కష్టం దాని రూపం కాదు. దాన్ని ఎక్కడ వాడకూడదో తెలియడం. ఇంగ్లీషువాడు అన్నిటికీ “నేను” అంటాడు. చలి వేసినా “నేను”, ఇష్టమైనా “నేను”. ఆ అలవాటుతో క్రొయేషియన్ మాట్లాడి “నేను చల్లగా ఉన్నాను” అన్నాడనుకోండి. అతని ఒళ్లు చల్లబడిందనో, గుండెలో వెచ్చదనం లేనివాడనో అర్థం వస్తుంది! అక్కడివారు “హ్లద్నొ మి యె” అంటారు. మాటకు మాటగా “నాకు చలిగా ఉంది”. మనం అనేదీ అదే కదా?

“స్విజ మి సె క్న్యిగ” అంటే “పుస్తకం నాకు నచ్చింది”. ఇక్కడ ప్రథమలో గద్దెనెక్కింది పుస్తకం. నచ్చినవాడు చతుర్థిలో చేతులు కట్టుకొని పక్కన నిలబడ్డాడు. “బొలి మె గ్లవ” అంటే తల నొప్పి పెడుతున్నది. తల ప్రథమలో వుంది, బాధపడేవాడు ద్వితీయలో. మనసుకూ ఒంటికీ కలిగే అనుభవాలకు మనిషి కర్త కాడనీ, అవి అతనికి వచ్చిపడతాయనీ రెండు భాషలూ అనుకుంటున్నట్టుంది.

అన్నిటా మన దారే అనుకుంటే పొరపాటు. “నాకు ఇల్లు ఉంది” అని మనం అంటే, వారు ఇంగ్లీషువాడి లాగే “ఇమమ్ కుచు”, అంటే నేను ఇంటిని కలిగివున్నాను, అంటారు. ఇల్లు ప్రథమలో “కుచ”. ఇక్కడ ద్వితీయలో “కుచు” అయింది. “నేను” అన్న మాట మాత్రం పైకి వినిపించదు. మన “చదువుతున్నాను” లాగే, క్రియ చివర చూసి ఎవరో పోల్చుకుంటారు.

కేరళలో వల్లించిన విభక్తులు

క్రొయేషియన్ భాషకు మొదటి వ్యాకరణం రాసినవాడు బార్తొల్ కాషిచ్. అది 1604లో రోములో అచ్చయింది. అదే రోములో 1790లో మరో వ్యాకరణం వెలువడింది. ఈసారి సంస్కృతానికి! ఐరోపాలో అచ్చయిన తొలి సంస్కృత వ్యాకరణం అదే. రాసినవాడు ఫిలిప్ వెజ్దిన్, ఆస్ట్రియాలో స్థిరపడిన క్రొయేషియన్ కుటుంబంలో 1748లో పుట్టిన సన్న్యాసి. 1776 నుంచి 1789 వరకు మలబారులో వున్నాడు. కేరళ పిల్లలు శబ్దాలు వల్లించే “సిద్ధరూపం” పేరునే తన పుస్తకానికి “సిధారూబం” అని పెట్టుకున్నాడు. సంస్కృతానికీ ఐరోపా భాషలకూ పోలికలున్నాయని చాటిన తొలివారిలో అతడొకడు. దేశం కాని దేశంలో మన పిల్లల పక్కన కూర్చున్నట్టే ప్రథమనుంచి మొదలుపెట్టాడన్నమాట.

పుప్పాలగూడలో ప్రథమ

ఇప్పుడు దారి తిప్పి చూద్దాం. పుప్పాలగూడనుంచి పోయేవారికంటె, అక్కడికి వచ్చేవారు ఎక్కువ. దేశం నలుమూలలనుంచి కుటుంబాలు దిగాయి. తెలంగాణ బళ్లలో పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది గనక వారి పిల్లలూ తెలుగు నేర్చుకోవలసినవారే. మన ప్రథమ వారికి ఎంత సులువు?

అనుకున్నంత కాదు. “ఇంటికి రా”, “ఇంట్లో ఉన్నారా?”, “ఇంటి ముందు” అని రోజంతా వింటాడు కొత్తగా వచ్చిన కుర్రవాడు. నిఘంటువు తీసి “ఇంటి” వెతికితే నేరుగా అర్థం దొరకదు. అక్కడ “ఇల్లు” చూడాలి. కంటికి వెనక “కన్ను” వుంది, చేతికి వెనక “చేయి”, రోటికి వెనక “రోలు”, గోతికి వెనక “గొయ్యి”. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఇలా మాటల రూపు మార్చే వర్ణాలకు “ఔపవిభక్తికములు” అని పేరు పెట్టాడు. పేరు నోరు తిరగకపోయినా, సంగతి మన అమ్మమ్మలకు బడికి పోకుండానే తెలుసు.

దిగులు కలిగించేది మరొకటి వుంది. తెలుగిళ్లలోనే పుట్టి, ఇంగ్లీషులో పెరుగుతున్న పిల్లల నోట “ఇల్లుకు వెళ్దాం” అన్న మాట వినబడుతున్నది. కొత్తవాడు అలా అంటే అది నేర్చుకునే దారిలో ఒక మెట్టు. మనవాడే అంటే చేతిలో వున్నది జారవిడుచుకోవడం. “నాకు చలిగా ఉంది” అనే నాలుకకు “హ్లద్నొ మి యె” తేలిక. ఆ నాలుక పోయిన తరువాత క్రొయేషియన్‌ను కూడా ఇంగ్లీషు గుమ్మంలోనుంచి చుట్టు తిరిగి నేర్చుకోవలసిందే.

ఉపాయం చిన్నది. క్రొయేషియన్ నిఘంటువులో “క్న్యిగ” పక్కనే షష్ఠి రూపపు తోక “ఎ” కూడా వేసి వుంటుంది. ప్రథమతో పాటు ఆ రెండో రూపాన్నీ జంటగా నేర్చుకొన్నవారికి మిగతావి చాలావరకు దారికి వస్తాయి. మన పిల్లలకూ, మన వూరు వచ్చినవారి పిల్లలకూ తెలుగు చెప్పేటప్పుడు ఇదే పద్ధతి మంచిది. “ఇల్లు” ఒక్కటే కాదు, “ఇల్లు, ఇంటి” అని చెప్పండి. “కన్ను, కంటి” అని చెప్పండి. ప్రథమ గుమ్మం వంటిది. లోపలికి నడిపించే అడుగు దాని పక్కనున్న రెండో మాటది.