ఖని యాసకు మైకు దొరికింది

గోదావరిఖనిని ఇక్కడివాళ్లు ప్రేమగా 'ఖని' అంటారు. బొగ్గు బాయి (గని) సైరన్‌తో పొద్దు లెక్కపెట్టుకునే ఈ ప్రాంతంలో యాంకరింగ్, యూట్యూబ్ కూడా ఇప్పుడు బతుకుదెరువులే. ఆ దారిలోని విశేషాలు కొన్ని.

● పక్క ఊరి భాను: తెలుగు టీవీ వ్యాఖ్యాతల్లో స్టార్ అనిపించుకున్న ఉదయభానుది సుల్తానాబాద్. ఖని ఉన్న రామగుండం, సుల్తానాబాద్ రెండూ నేడు పెద్దపల్లి జిల్లాలోనే ఉన్నాయి. 1994లో 'ఎర్ర సైన్యం' సినిమాలో నటించిన ఆమె, తర్వాత 'హృదయాంజలి', 'వన్స్ మోర్ ప్లీజ్' లాంటి కార్యక్రమాలతో ఇంటింటి మనిషయ్యారు.

● యాసే పెట్టుబడి: తెలంగాణ మాటను సినిమాలు చాలాకాలం విలన్లకో, నవ్వులాటకో వాడుకున్నాయి. 2012లో మొదలైన వీ6 ఛానల్, 'తీన్మార్ వార్తలు' కార్యక్రమంలో అదే మాటతో వార్తలే చదివించింది. యాంకర్ బిత్తిరి సత్తికి పేరు తెచ్చింది ఆ కార్యక్రమమే. గాయని మంగ్లీ కూడా జనానికి మొదట పరిచయమైంది ఆ ఛానల్‌లోనే.

● చదువు రాని తార: జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో 'మై విలేజ్ షో' యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టారు. కూలి పనులు చేసి, బీడీలు చుట్టి సంసారం ఈదిన మిల్కూరి గంగవ్వ అందులో కనిపించాక ఊరి దశే మారింది. 2020లో బిగ్ బాస్ నాలుగో సీజన్‌కు వెళ్లినప్పుడు ఆమె వయసు దాదాపు అరవై. చదువు రాదు కనుక కాగితం మీది డైలాగుతో ఆమెకు పనిలేదు. విషయం చెవిన వేస్తే తన మాటల్లోకి మార్చుకుని చెప్పేస్తుంది. ఆ సహజత్వానికి ఏ శిక్షణా సాటి రాదు.

● 4,000 గంటల మెట్టు: యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఆ గంటలు లేకుంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. పూర్తి వీడియోల మీద వచ్చే ప్రకటనల సొమ్ములో 55 శాతం వాటా వీడియో చేసినవారిది. మొదటి రూపాయి చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు. ఓపిక పట్టాల్సిందే!

● క్వార్టర్‌లో స్టూడియో: గని కార్మికుల క్వార్టర్‌లో గది గోడలకు దుప్పట్లు కట్టి, ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ ఫోన్ ముందు కూర్చుంటే అదే స్టూడియో. దుప్పటి శబ్దాన్ని పీల్చుకుంటుంది, గొంతు మోగదు. కానీ ఓపెన్ కాస్ట్ గని పక్కన ఇల్లుంటే బ్లాస్టింగ్ వేళ చూసుకునే రికార్డింగ్ పెట్టుకోవాలి. కిటికీలు గడగడమన్నాయా, టేకు మళ్లీ మొదటికే.

● బాయిల రీలు కుదరదు: భూగర్భ గనిలోకి బీడీ, అగ్గిపెట్టెతో దిగనివ్వరు. మామూలు మొబైల్‌కూ అనుమతి లేదు. బొగ్గు పొరల్లోంచి వచ్చే మీథేన్ గాలిలో తగుపాళ్లలో కలిస్తే చిన్న నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. లైకుల కోసం ఆ గీత దాటొద్దు. అది తోటి కార్మికుల ప్రాణాలతో ముడిపడిన గీత.

● ఉచితమూ ఆదాయమే: డబ్బో వస్తువో తీసుకుని పొగిడితే అది ప్రకటన అని వీడియోలో స్పష్టంగా చెప్పాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలిచ్చింది. పన్ను సంగతీ ఉంది. ప్రచారం కోసం కంపెనీ ఇచ్చిన ఫోన్ మనమే ఉంచుకున్నామనుకోండి. అలాంటి కానుకల విలువ ఏడాదికి 20,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ పడుతుంది. 2022 జులై 1 నుంచి అమల్లో ఉన్న నియమమిది. చూసేవాళ్ల నమ్మకమే మన అసలు ఆస్తి కాబట్టి ప్రకటన అన్న సంగతి దాచకుండా చెప్పడమే మేలు.

● తాతల నాటి యాంకర్లు: ఒగ్గుకథలో ప్రధాన కథకుడు కథ నడిపిస్తుంటే, పక్కనున్నవాడు 'ఆఁ' కొడతాడు, అడ్డుప్రశ్న వేస్తాడు, నవ్విస్తాడు. జనం జోగుతుంటే డోలు దరువు పెంచుతారు. ఇద్దరు యాంకర్లు స్టేజీని పంచుకునే ఒడుపంతా అందులో ఉంది. ఈసారి మల్లన్న జాతరలో ఒగ్గుకథ పడితే ఫోన్ జేబులో పెట్టి, తెల్లారేదాకా ముందు వరుసలో కూర్చోండి. జనం ఎక్కడ నవ్వారో, ఎక్కడ కళ్లు తుడుచుకున్నారో గుర్తుపెట్టుకోండి.