పసుపు పూల కలుపు: పీకాలా, ఉంచాలా?

వానలు పడగానే పెరట్లో ఎవరూ నాటని మొక్కలు మొలుస్తాయి. వాటిలో పసుపు పూలవి చాలానే ఉంటాయి. పువ్వు రంగొక్కటే చూసి పేరు చెప్పలేం. ఆకు, కాడ, కాయ కూడా చూడాలి.

ఎర్రటి లావు కాడలతో, దళసరి ఆకులతో నేల మీద పాకుతోందా? పూలు ఎండెక్కాక విచ్చుకుని కొద్ది గంటల్లోనే ముడుచుకుంటున్నాయా? అయితే అది గంగవావిలి, పప్పులో వేసుకునే కూర. అయినా ఓ కాడ తుంచి చూడండి. తెల్లటి పాలు కారితే అది వేరే మొక్క, వంటకు పనికిరాదు. ఏదైనా సరే, ఇంట్లో పెద్దవాళ్లకు చూపించకుండా నోట్లో పెట్టుకోవద్దు.

పులిచింతకు మూడేసి ఆకులు, రాత్రయితే ముడుచుకుంటాయి. ముదిరిన కాయను వేలితో తాకితే చిటుక్కున పగిలి గింజలు ఎగిరిపడతాయి. గింజ చుట్టూ బిగుసుకున్న పొర ఒక్కసారిగా తిరగబడి దాన్ని విసిరేస్తుంది. పక్క కుండీలోకి అది చేరేదిలాగే! కుండీల్లో పీకేయండి. పెరటి మూలన ఉంటే ఉండనివ్వండి, ఒక రకం చిన్న నీలి సీతాకోకచిలుక దాని మీదే గుడ్లు పెడుతుంది.

బలురక్కసిని మాత్రం ఉంచకూడదు. ఆకుల నిండా ముళ్లు, తుంచితే పసుపు పాలు. దాని గింజలు ఆవాల్లాగే ఉంటాయి, కానీ విషం. ఆ నూనె ఆవనూనెలో కలిసినందుకే 1998లో ఢిల్లీలో ఎందరికో కాళ్లు వాచాయి, కొందరు చనిపోయారు. పెద్దవాళ్లే చేతి తొడుగులు వేసుకుని పీకాలి.

ఇక సైకిల్ ట్యూబులకు చిల్లులు పెట్టే పల్లేరును కాయ కట్టకముందే వేరుతో సహా లాగేయాలి.