రాయి చవక – బండి కిరాయి ప్రియం

మీ ఇంటి పెరట్లోనో, బడి తోటలోనో ఒక చిన్న కొలను తవ్వాలనుకున్నారనుకోండి. రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, మోకాలి లోతు. అందులో కాసిని కలువ దుంపలు, పది చేపపిల్లలు. పలుగూ పారా ఉంటే తవ్వటం ఒక ఆదివారం పని. చిక్కంతా గట్టు దగ్గర వస్తుంది. గట్టు చుట్టూ రాళ్ళు పేర్చకపోతే మొదటి వానకే మట్టి జారి నీళ్ళలో పడుతుంది. పోనీ కొందామని మొక్కల నర్సరీకి వెళితే, నున్నటి తెల్ల గులకరాళ్ళను సంచుల్లో పోసి అమ్ముతుంటారు. ధర వినగానే కొలను సంగతే మరిచిపోవాలనిపిస్తుంది.

మరిచిపోనక్కరలేదు. ముందు ఎంత రాయి కావాలో లెక్క వేద్దాం. కొలను చుట్టుకొలత 7 మీటర్లు. గట్టు మీద 30 సెంటీమీటర్ల వెడల్పున, 20 సెంటీమీటర్ల ఎత్తున రాళ్ళు పేరిస్తే 7 × 0.3 × 0.2 = 0.42 ఘనపు మీటర్లు. ఇందులో దాదాపు మూడో వంతు రాళ్ళ మధ్య సందులే. అవి తీసేస్తే అసలు రాయి 0.28 ఘనపు మీటర్లు. గ్రానైటు నీటికంటే సుమారు 2.7 రెట్లు బరువు, అంటే ఒక ఘనపు మీటరు 2.7 టన్నులు తూగుతుంది. ఆ లెక్కన మన చిన్న కొలనుకే ముప్పావు టన్ను రాయి కావాలి!

ఇప్పుడు ధర గుట్టు తెలిసినట్టే. నర్సరీ గులకరాయిని ఎక్కడో ఏరారు, కడిగారు, సంచికెత్తారు, లారీలో వందల కిలోమీటర్లు మోశారు. మీరిచ్చే డబ్బులో ఎక్కువ భాగం ఆ మోతకూలే. కనుక చవక రాయి కావాలంటే దగ్గరి రాయిని వెతకాలి.

దగ్గర ఏ రాయి ఉందన్నది మీ ఊరి భూమి చెప్పాలి. హైదరాబాదు, నల్లగొండ, మహబూబ్‌నగర్, అనంతపురం వైపు ఉన్నవాళ్ళ కాళ్ళ కింద గ్రానైటు ఉంది. దాని వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. కడప, కర్నూలు, పల్నాడు, తాండూరు ప్రాంతాల్లో పొరలు పొరలుగా లేచివచ్చే నాపరాయి దొరుకుతుంది. ఇది సున్నపురాయి జాతి. ఆదిలాబాదు వైపు, సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల కిందట పారిన లావా గడ్డకట్టిన నల్లటి బసాల్టు. విశాఖపట్నం, విజయనగరం కొండల్లో ఖోండలైటు. కొండలలో నివసించే ఖోండు జాతి ప్రజల పేరే దానికి పెట్టారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఉన్నవాళ్ళు మాత్రం పాపం ఎంత తవ్వినా ఒండ్రుమట్టే. వాళ్ళు రాయి జోలికి పోకుండా, ఇటుక బట్టీలో మరీ ఎక్కువ కాలి ముద్దకట్టిన ఇటుకలు అడగవచ్చు. ఇంటి గోడలకు పనికిరావని పక్కన పడేసేవే అవి.

గ్రానైటు ప్రాంతాల్లో నా మొదటి సలహా మొరం గుంట. రోడ్లకు మొరం తవ్వుతుంటే మధ్యమధ్య గుండ్లు తగులుతాయి. తవ్వేవాళ్ళకు అవి అడ్డం కాబట్టి పక్కకు దొర్లిస్తారు. యజమానిని అడిగితే తరచు కిరాయి ఖర్చుతోనే వస్తాయి. ఇంతకీ ఆ రాళ్ళు గుండ్రంగా ఎందుకున్నాయి? నదిలో దొర్లాయా? లేదు, ఉన్నచోటు నుంచి అంగుళం కదల్లేదు. భూమిలోపల గ్రానైటు నిలువు, అడ్డం పగుళ్ళతో పెద్దపెద్ద పెట్టెలు పేర్చినట్టు ఉంటుంది. ఆ పగుళ్ళలోకి వాననీరు దిగుతుంది. గ్రానైటులో మూడు ముఖ్య ఖనిజాలున్నాయి: పలుగురాయి, అంటే క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం. క్వార్ట్జ్ మొండిది, నీటికి లొంగదు. ఫెల్డ్‌స్పార్ మాత్రం మెల్లగా తెల్లటి బంకమన్నుగా మారిపోతుంది. పెట్టె ముఖం మీద నీరు ఒక వైపు నుంచే దాడి చేస్తుంది, అంచు మీద రెండు వైపుల నుంచి, మూల మీద మూడు వైపుల నుంచి. కనుక మూలలు ముందు కరుగుతాయి, తర్వాత అంచులు. లక్షల సంవత్సరాలు గడిచేసరికి మధ్యలో గుండు మిగులుతుంది, చుట్టూ రాలినదంతా మొరం. గుప్పెడు మొరం తీసి భూతద్దంతో చూడండి, లొంగని క్వార్ట్జ్ పలుకులు మెరుస్తూ కనిపిస్తాయి.

ఇంకా దారులున్నాయి. కొత్త బావి తవ్విన చోట, ఇంటి పునాది తీసిన చోట రాళ్ళు మిగులుతాయి. రైతులు పొలంలో ఏరి గట్టున కుప్ప పోస్తారు. బేతంచెర్ల, తాండూరు వైపు నాపరాళ్ళు కోసే చోట విరిగిన ముక్కలు గుట్టలుగా ఉంటాయి. ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్లరాయికి దేశదేశాల్లో గిరాకీ. కానీ దాన్ని పలకలుగా కోయగా మిగిలిన ముక్కలకు ఆ గిరాకీ లేదు.

ఏటి ఒడ్డున, అడవిలో, ఊరి గుట్ట మీద ఊరకే పడున్న రాళ్ళు తెచ్చుకోకూడదా అంటారేమో. కూడదు. మామూలు ఇంటి రాయి కూడా 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం కింద ప్రభుత్వ నియమాలకు లోబడిందే. అడవిలోంచి తీస్తే నేరం. పైగా ఆ రాళ్ళ కింద బల్లులు, తేళ్ళు, జెర్రులు కాపురముంటాయి. హైదరాబాదులో బండలను ఎంత పగలగొట్టారంటే, మిగిలిన వాటిని కాపాడటానికి 1996లో ఒక సంఘమే పుట్టింది. పొలం గట్టు కుప్పలోనూ తేళ్ళు ఉండవచ్చు కనుక, చేతులు పెట్టకుండా గునపంతో రాయిని మీ వైపుకు ఎత్తండి. అప్పుడు రాయి మీకూ తేలుకూ మధ్య అడ్డుగా ఉంటుంది.

రాయి ఇంటికి చేరింది. నీళ్ళలో వెయ్యబోయే ముందు దాన్ని నాలుగు ప్రశ్నలు అడగాలి, ఎందుకంటే తేడా వస్తే నష్టపోయేది చేపలు. ఇనుప మేకుతో గీయండి. గాటు పడి పొడి రాలితే మెత్తరాయి. తర్వాత ఒక ముక్కను ఎండబెట్టి తూచి, రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి, తుడిచి మళ్ళీ తూచండి. 2000 గ్రాముల రాయి 2010 అయితే అరశాతం నీరు పీల్చిందన్నమాట. మంచి గ్రానైటు ఇంతకు మించి పెద్దగా పీల్చదు. నానినప్పుడు పొరలు విడిపోయే రాయిని గట్టుకు దూరంగా ఉంచండి. పసుపు లోహంలా మెరిసే పలుకులున్నా దూరం పెట్టాలి. అది బంగారమని ఆశపడకండి, ఇనుమూ గంధకమూ కలిసిన పైరైట్ కావచ్చు. గాలి, నీరు తగిలితే దానినుంచి తుప్పుతో పాటు గంధకామ్లం పుడుతుంది.

చివరిది నిమ్మకాయ పరీక్ష. రాయిని కొంచెం గీకి, ఆ పొడి మీద మొదట మంచినీటి చుక్క వెయ్యండి. బుడగలు వస్తే అవి సందుల్లోని గాలివి. వేరేచోట నిమ్మరసం చుక్క వెయ్యండి. ఇప్పుడు మాత్రమే బుసబుస పొంగితే అది సున్నపురాయి. వస్తున్నది బొగ్గుపులుసు వాయువు. ఇదే వాయువును కలుపుకున్న వాననీరు సున్నపురాయిని తొలిచి బెలూం గుహలను మూడు కిలోమీటర్లకు పైగా సాగదీసింది.

అంటే నాపరాయి చేపలకు విషమా? ఈ విషయంలో భయం కాస్త ఎక్కువే ప్రచారంలో ఉంది. చేపల విసర్జన నుంచి నీటిలోకి అమ్మోనియా చేరుతుంది. 25 డిగ్రీల వేడిమిలో, పి.హెచ్. 7 ఉన్న నీటిలో అందులో వందింట ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు. పి.హెచ్. 8 అయితే సుమారు 5 వంతులు, 9 అయితే మూడో వంతుకు పైగా విషరూపమే. సున్నపురాయి తనంతట తాను నీటి పి.హెచ్.ను 8 పైచిలుకు దాకా తేగలదు, అంతే. మీ బోరునీరు ఇప్పటికే చవుడు నీరైతే నాపరాయిని నీటికి పైన, గట్టు మీద పరచండి. వాననీటి కొలనైతే లోపల ఒకటి రెండు ముక్కలు మేలే చేస్తాయి. అసలు శత్రువు తాజా సిమెంటు. అది పి.హెచ్.ను 12 దాకా ఎక్కించగలదు. కూల్చిన ఇంటి రాళ్ళయినా, సిమెంటు పూసిన తొట్టి అయినా కొన్ని వారాలు నానబెట్టి, నీళ్ళు మారుస్తూ ఉండి, ఆ తర్వాతే చేపలను వదలాలి.

అమ్మోనియాను వదిలించేది కూడా రాయే. రాయి మీద జిగురుగా పేరుకునే పొరలో బాక్టీరియా ఉంటాయి. కొన్ని అమ్మోనియాను నైట్రైటుగా, మరికొన్ని దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు మొక్కలకు ఎరువు. బాక్టీరియాకు కావలసింది స్థలం. 30 సెంటీమీటర్ల ఘనం లాంటి ఒక రాయి ఉపరితలం 5,400 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 సెంటీమీటర్ల ఘనాలుగా కొడితే 27 ముక్కలు, మొత్తం ఉపరితలం 16,200. అదే రాయి, మూడు రెట్లు చోటు! కనుక కొలను అడుగున వెయ్యటానికి నర్సరీ గులకరాయి కంటే కంకర మిల్లులో దొరికే మామూలు కంకరే నయం. దుమ్ము పోయేదాకా కడగండి. అడుగున ప్లాస్టిక్ షీటు పరిచి ఉంటే మొనలు దాన్ని చీలుస్తాయి కాబట్టి షీటు కిందా పైనా పాత గోనెపట్టాలు వెయ్యాలి.

పేర్చేటప్పుడు ఆర్కిమెడిస్‌ను తలుచుకోండి. 27 కిలోల గ్రానైటు గుండు 10 లీటర్ల నీటిని తొలగిస్తుంది. నీళ్ళలో దాని బరువు 17 కిలోలే. వరదలో పెద్ద బండలు కూడా దొర్లిపోవటానికి ఇదొక కారణం. అందుచేత నీటిలో మునిగే అడుగు వరుసకు అన్నిటికంటే పెద్ద రాళ్ళు వాడి, మూడో వంతు మట్టిలో పాతండి. ఎండాకాలం నల్లరాయి బాగా కాగి నీటిని వేడెక్కిస్తుంది. లీటరు నీటిలో 20 డిగ్రీల దగ్గర 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడుతుంది, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. పడమటి గట్టున ఒక అరటి పిలక నాటితే నీడ పడుతుంది. రాళ్ళ గుంతల్లో నిలిచే నీటిని వారానికోసారి తుడిచెయ్యండి, దోమలు గుడ్లు పెట్టేది అక్కడే. కొలనులోని దోమపిల్లల సంగతి గప్పీ చేపలు చూసుకుంటాయి.